ఎండుగడ్డి రంగు

ముసలయ్యకు ఆ పేరు పుట్టగానే పెట్టేశారు. చంటివాడుగా ఉన్నప్పుడూ ముసలయ్యే, బళ్ళోనూ ముసలయ్యే, కార్ఖానాలో క్రేను తోలినన్నాళ్ళూ ముసలయ్యే. తీరా నిజంగా ముసలితనం వచ్చి, రెండు కళ్ళకూ శుక్లాలు ముదిరాయని డాక్టరు చెప్పినప్పుడు మాత్రం ఆయనకు ఒళ్ళు మండిపోయింది. "నా కళ్ళకేటి? బాగానే ఉన్నాయి" అని దెబ్బలాడి, రెండేళ్ళు వాయిదా వేసి, చివరికి భార్య పోలమ్మ అన్నం మానేసి కూర్చుంటే దిగొచ్చి కుడికన్ను ఒక్కటీ చేయించుకున్నాడు. ఎడమది ఇంకా చేయించాల్సి ఉంది.

ఆ కళ్ళ మీద ఆయనకు అంత నమ్మకం ఉండటానికి కారణం ఉంది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ క్రేను క్యాబిన్‌లో కూర్చుని, కింద ఎర్రగా పారే ఇనుమును పైనుంచి చూడటమే తప్ప ఏనాడూ దాని మీద చెయ్యి వేసిన మనిషి కాదు. రిటైరయ్యాక ఆ ముచ్చట తీర్చుకుందామని హిందీ మాట్లాడే ఆ ఉక్కు పట్నంలో, బర్మామైన్స్ పేటలోని తన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసి, ఒక కొలిమి, ఇనుము పెట్టి కొట్టడానికి ఒక దాగలి పెట్టుకున్నాడు. "దినమంతా ఇనుములో పడి బతికినావు, ఇంటికొచ్చినా ఇనుమేనేటి" అని పోలమ్మ విసుక్కునేది. అమ్మడానికి కాదు, ఎవరికీ పోటీకి కాదు, ఉట్టి సరదా. ఆ సరదా ఎలా పాకిందో పాకి, ఆదివారం ఆదివారం మరో ముగ్గురు వచ్చి చేరారు.

వాళ్ళలో జ్ఞానరత్నం రిటైరైన డ్రాయింగు మాస్టారు. జాకీ సొంత ఆటో తోలుకునే నలభై ఏళ్ళ మనిషి, కత్తులంటే పిచ్చి. త్రివేణి సాక్చి బజారులో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే బారిడీహ్ పేట పిల్ల, ఏడాది కిందటే వచ్చింది. వాళ్ళకొక పద్ధతి ఉంది. వారంలో ఎవరు ఏం చేసినా తెచ్చి దాగలి మీద పెట్టాలి. ముందు అందులో ఏది చెడిందో చెప్పాలి, ఆ తరవాతే గొప్పలు. కొత్తగా చేరినవాళ్ళకు ముసలయ్య తన చేత్తో చేసిన సుత్తి ఇస్తాడు, దానికి పిడి జ్ఞానరత్నం బిగిస్తాడు. ఇక రంగుల దగ్గర ముసలయ్య మాటకు తిరుగు లేదు.

ఈ రంగుల సంగతి కాస్త చెప్పుకోవాలి. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన ఉక్కు గట్టిపడుతుంది గానీ గాజులా పెళుసెక్కుతుంది. ఆ పెళుసు విరగాలంటే ఉక్కును తెల్లగా రుద్ది, సన్నటి సెగ మీద మళ్ళీ మెల్లగా వేడి చెయ్యాలి. అప్పుడు దాని ఒంటి మీదికి ఒక్కొక్క రంగే ఎక్కుతుంది. మొదట ఎండుగడ్డి రంగు, ఆ తరవాత బంగారు రంగు, ఊదా, నీలం. సుత్తికి ఎండుగడ్డి రంగు రాగానే సెగ తీసెయ్యాలి. రాకముందే తీసేస్తే మాత్రం సుత్తి చూడ్డానికి బాగానే ఉంటుంది, ఏదో ఒక రోజు గట్టి దెబ్బకు అంచు పెచ్చు ఊడి తూటాలా ఎగురుతుంది. అది ఎవరి కంట్లో పడుతుందో చెప్పలేం.

ఆ శుక్రవారం పోలమ్మ కూరలకని సాక్చి వెళ్ళింది. నెల దాకా కొలిమి ముఖం చూడొద్దని డాక్టరు చెప్పాడు. చూడొద్దన్నాడు గాని షెడ్డులో కూర్చోవద్దనలేదు కదా అని ముసలయ్య లోపలికి పోయి, నల్లద్దాలు తీసి స్టూలు మీద కూర్చున్నాడు. అరలో రెండు సుత్తి తలలున్నాయి. ఒకటి రిటైరైన ఏడాది చేసిన మొట్టమొదటిది. రెండోది ఆపరేషన్‌కు ముందు చేసింది, దానికింకా పిడి ఎక్కలేదు. సెగ మీద వచ్చిన రంగును చెరపకుండా నూనె రాసి అలాగే ఉంచడం ఆయన అలవాటు. అది ఆయన సంతకం.

రెండూ ఒళ్ళో పెట్టుకుని చూశాడు. పాతదాని మీద ఎండుగడ్డి రంగు నిగనిగలాడుతోంది. కొత్తదాని మీద ఏమీ లేదు. కొత్త స్టీలు గ్లాసులా తెల్లగా ఉంది.

కుడికన్ను అరచేత్తో మూశాడు. ఎడమకంటికి రెండూ ఎండుగడ్డి రంగులోనే ఉన్నాయి. ఎడమకన్ను మూశాడు. కొత్తది తెల్లగా అయిపోయింది. అలా ఎన్నిసార్లు మార్చి మార్చి చూశాడో ఆయనకే తెలియదు. ఆకురాయి తీసి రెండింటి మీదా గీకాడు. పాతదాన్ని ఆకురాయి కాస్త పట్టింది. కొత్తదాని మీద కీచుమని జారిపోయింది, అంటే దాని పెళుసు ఇంకా విరగలేదు. కంటితో వాదించొచ్చు గానీ ఆ కీచుతో ఏం వాదిస్తాడు. శుక్లం పసుపు పొరలోంచి చూస్తే తెల్ల ఉక్కంతా గడ్డి రంగులోనే కనబడుతుంది. సెగ మీద పెట్టీ పెట్టగానే "వచ్చేసింది" అని తీసేస్తున్నాడు రెండేళ్ళుగా. జాకీ సుత్తి అలాంటిదే. త్రివేణి సుత్తి అలాంటిదే. పాతది పోయిందని జ్ఞానరత్నానికి మళ్ళీ చేసిచ్చిందీ అలాంటిదే.

కూరల సంచీతో వచ్చిన పోలమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"డాక్టరు బాబు ఏటన్నాడు, నువ్వేటి సేత్తన్నావు?"

"నిప్పెట్టనేదే. ఊరికే సూత్తన్నాను." అంతలోనే చెప్పేశాడు. "నా సుత్తులకి రంగు రానేదే పోలీ. తెల్ల ఉక్కుని సూసి గడ్డి రంగనుకున్నాను."

"రాకపోతే ఏటవుద్ది?"

"పెచ్చు ఎగురుద్ది. కంట్లో కొడితే కన్ను పోద్ది."

పోలమ్మ సంచీ కింద పెట్టింది. "మరి ఫోను సెయ్యి. ముగ్గురికీ ఇప్పుడే సెయ్యి."

"ఎల్లుండి ఆదివారమే కదా, ఆళ్ళే వత్తారు. పిడులు మార్సాలనీసి తీసీసుకుంటాను. కన్ను బాగయినాక గుట్టుగా మళ్ళీ సెగెట్టి ఇచ్చీవచ్చు. ఇంతలో ఏటవుద్ది?"

"ఉన్నమాట సెప్పీడానికి నీకేటి రోగం?"

ఏం చెబుతాడు? ఆ నలుగురిలో గొప్ప పనివాడు తను కాదని ఆయనకు తెలుసు. గీతలో జ్ఞానరత్నం ముందు నిలవలేడు, ఓపికలో జాకీ ముందు నిలవలేడు. ఉన్నదల్లా ఆ కన్ను ఒక్కటే. అది కూడా దండగేనని తన నోటితోనే చెప్పమంటే నోరు పెగల్లేదు. ఫోను జేబులోనే ఉంది. శుక్రవారం గడిచింది, శనివారమూ గడిచింది.

ఆదివారం పది దాటాక ఒక్కొక్కరూ వచ్చారు. డాక్టరు మాట మీద కొలిమి వెలిగించలేదు. పోలమ్మ టీ తెచ్చిచ్చి, మొగుడి వంక ఒక చూపు చూసి లోపలికి పోయింది.

జాకీ కత్తి తీసి దాగలి మీద పెట్టాడు. పాత బేరింగుతో చేశాడట. "నూనెలో పెట్టగానే వంకరపోయింది. ఇప్పుడు దీంతో అరటికాయలు ఒలుచుకోవాల్సిందే" అన్నాడు. జ్ఞానరత్నం వేడి గిన్నెలు దింపుకోవడానికి ముక్కాలి పీట చేసి తెచ్చాడు. ఒక కాలు పొట్టిదైంది. "మా ఆవిడ యూనిస్ దీని మీద పప్పుగిన్నె పెడితే పప్పు ఒక పక్కకే చేరుతోంది" అన్నాడు. అందరూ నవ్వారు. వేరే రోజైతే ముసలయ్య అందరికంటే గట్టిగా నవ్వి, కత్తి ఎందుకు వంగిందో అరగంట చెప్పేవాడు. ఆ రోజు నల్లద్దాల వెనకనే కూర్చుని, వీలు చూసుకుని మాట కదిపాడు.

"మీ సుత్తులు ఓపాలి నాకాడ ఎట్టీండి. పిడులు మారుద్దారి."

జాకీ మారుమాట లేకుండా సంచీలోంచి తీసిచ్చాడు. జ్ఞానరత్నం మాత్రం నొచ్చుకున్నాడు. "నేను బిగించిన పిడులు బాగాలేవా అన్నా? ఒక్కటైనా ఊడిందా?"

"ఊడిందని నాననలేదు తమ్ముడూ. పాతబడినాయి కదా."

"ఆర్నెల్లకే పాతబడతాయా?" అంటూనే తనదీ తీసి పెట్టాడు. త్రివేణి కూడా తనది ఇచ్చింది. ముసలయ్య మూడింటినీ స్టూలు కిందికి నెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ తెలియదు. బయటపడ్డాననుకున్నాడు.

అప్పుడు త్రివేణి బట్టలో చుట్టిన పొట్లం విప్పింది. "నా వంతు మావయ్యా. ముందు చెడింది చెప్తాను. పిడి దూర్చే కన్నం కాస్త వంకరపోయింది. కానీ రంగు మాత్రం మీదే, పక్కా." సుత్తి తల ఆయన చేతిలో పెట్టింది. "మొన్న ఇంటి దగ్గర గ్యాస్ పొయ్యి మీద నేనే సెగ పెట్టి, నేనే ఆపాను. ఎవరినీ అడగలేదు."

ముసలయ్య నల్లద్దాలు తీశాడు. సుత్తి తెల్లగా ఉంది.

"దీని రంగేటి?"

"ఎండుగడ్డి రంగు."

"నీకు కనబడతందా?"

ఆ పిల్ల తడబడింది. "మొదట్లో కనబడేది కాదు మావయ్యా. మీరు 'వచ్చింది, సూడు' అనేవారు, నాకేమో తెల్లగానే ఉండేది. నా కళ్ళకింకా అలవాటు కాలేదనుకున్నాను. చూడగా చూడగా ఇప్పుడు కాస్త తెలుస్తోంది. మొదటి సుత్తికి మీరే కదా దగ్గరుండి ఆపించారు. దాన్ని చూసి చూసి నేర్చుకున్నాను" అంది.

"మొదటి సుత్తేటి?"

"ఆపరేషన్‌కు ముందు ఒక బుధవారం వచ్చి ఇక్కడే చేశాను కదా. అమర్‌కు ఇచ్చేశాను. సాక్చిలో పిడి కొని నేనే బిగించి ఇచ్చాను. సైటులో రోజూ దాంతోనే కొడుతున్నాడట, చాలా బాగుందన్నాడు."

అమర్ ఆమె తమ్ముడు. ఒక కాంట్రాక్టరు కింద ఫిట్టరు. ఆ బుధవారం ముసలయ్యకు ఇప్పుడు గుర్తొచ్చింది. ఈ స్టూలు మీదే కూర్చుని, "చాలు, తియ్యి" అన్నాడు తను. పిడి మారుస్తాననే సాకు అమర్ చేతిలోని సుత్తికి ఎక్కడ పనికొస్తుంది? ఇక దాచుకోవడానికి చోటు లేకపోయింది.

"అమ్మా, అది గడ్డి రంగు కాదు. రంగే రానేదు. నా కన్ను సెడిపోయి నీకు అబద్దం నేర్పినాను. ఈ సుత్తులన్నీ పెళుసే. పెచ్చు ఎగురుతాయి. నీ తమ్ముడికి ఫోను సెయ్యి, ఆ సుత్తి ముట్టొద్దని సెప్పు."

త్రివేణి ఫోను తీసింది. అవతల మోగుతోంది, ఎత్తడం లేదు.

జ్ఞానరత్నం గొంతు సవరించుకున్నాడు. "అన్నా, కోప్పడనంటే ఒక మాట. ఇవి పెళుసు కాదు." స్టూలు కింద ఉన్న మూడింటినీ చూపించాడు. "పిడి బిగించడానికి నా దగ్గరకు వస్తాయి కదా. బిగించే ముందు మా యూనిస్ కేకులు కాల్చే ఓవెన్‌లో పెట్టేవాణ్ణి. రంగు వచ్చాకే పిడి ఎక్కించేవాణ్ణి. నీకు రెండూ ఒకేలా కనబడేవి."

ముసలయ్య ఒక సుత్తిని తీసి వెలుతురులో పట్టుకున్నాడు. చక్కటి ఎండుగడ్డి రంగు. శుక్రవారం నుంచీ తను భయపడి చచ్చిన సుత్తులు భేషుగ్గా ఉన్నాయి. జాకీ నేల చూపులు చూస్తున్నాడు. అంటే వాడికీ తెలుసు. రెండేళ్ళు ఈ షెడ్డులో కూర్చుని రంగుల గురించి తను ఉపన్యాసాలిస్తుంటే, వీళ్ళిద్దరూ ఊఁ కొట్టి ఇంటికి పోయి సరిదిద్దుకునేవారన్నమాట. చెవులదాకా సిగ్గేసింది.

"నువ్వెరిగి నాతో సెప్పనేదేం జ్ఞానం?"

"నొచ్చుకుంటావని. చెప్తే ఈ కొలిమి ఆర్పేసి మళ్ళీ వెలిగించవని భయం వేసింది అన్నా."

"నాను నొచ్చుకుంటే నొచ్చుకుందును. ఈ ఆడగుంటకైనా సెప్పాల కదా."

త్రివేణి ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అంది మెల్లగా. ఫోను మోగి మోగి ఆగిపోయింది.

జాకీ అప్పటికే ఆటో తిప్పి పెట్టాడు. ముసలయ్య, త్రివేణి ఎక్కారు. "దుమ్ము పడతాది, అద్దాలు పెట్టుకో" అని పోలమ్మ వెనకనుంచి కేకేసింది. దారంతా త్రివేణి ఫోను కొడుతూనే ఉంది. ముసలయ్యను ఒక్క మాట అనలేదు. ఆయనకు అది తిట్టినదానికంటే ఎక్కువ బాధగా ఉంది. ఆదివారం కదా, పనికి వెళ్ళి ఉండడు అని ఒకసారి, డబుల్ డ్యూటీ ఉంటే వెళ్ళే ఉంటాడు అని ఒకసారి, తనలో తనే కొట్టుకున్నాడు.

బారిడీహ్‌లో తలుపు అమరే తీశాడు. ముసలయ్య గుండెల నిండా గాలి పీల్చుకోబోయాడు. ఆ గాలి సగంలోనే ఆగిపోయింది. కుర్రాడి ఎడమకంటి కింద ప్లాస్టరు ఉంది. దాని చుట్టూ కమిలిపోయి ఉంది.

"ఇది బైకు మీద రాయి తగిలిందన్నావు కదరా" అంది త్రివేణి.

"హాఁ దీదీ, వహీ" అని అమర్ ఆ రాయేనన్నాడు.

"సుత్తి ఎక్కడుంది బాబూ?" అని ముసలయ్య అడిగాడు.

అమర్ అక్క వంక చూశాడు, ముసలాయన వంక చూశాడు, తప్పించుకోలేననుకున్నాడు. మంచం కింద నుంచి గుడ్డలో చుట్టి దాచిన సుత్తి తీశాడు. సుత్తి ముఖం అంచున బియ్యపుగింజంత పెచ్చు లేదు. విరిగిన చోట ఉక్కు పంచదారలా మెరుస్తోంది. చెమట పట్టి, పనిలో పెట్టుకునే కళ్ళద్దాలు పైకి ఎత్తుకున్నాడట. ఒక్క దెబ్బ. సైటులో ఉన్న ఫస్ట్ ఎయిడ్ అతను పెచ్చు లాగేశాడట. ఇంకాస్త పైన తగిలి ఉంటే అని ఎవరూ పైకి అనలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది త్రివేణి.

"తుమ్‌నే పహ్‌లీ బార్ బనాయా థా, దీదీ. క్యా బోల్తా?" అని తల దించుకున్నాడు అమర్. అక్క మొదటిసారి చేసిన వస్తువు, బాగాలేదని ఏ నోటితో చెప్పేది అని వాడి బాధ.

ముసలయ్య వాడి గడ్డం పట్టుకుని ముఖం వెలుతురువైపు తిప్పాడు. ఎడమకన్ను మూసుకుని, బాగయిన కంటితో చూశాడు. కంటికీ ప్లాస్టరుకీ మధ్య వేలు మందం కూడా లేదు.

"ఎప్పుడు తగిలింది బాబూ?"

"నిన్న. మధ్యాహ్నం."

నిన్న. నిన్న మధ్యాహ్నం ముసలయ్య భోజనం చేసి, ఫోను జేబులో పెట్టుకుని పడుకున్నాడు. త్రివేణికి ఒక్క ఫోను చేసి ఉంటే ఆ పిల్ల ఈ సుత్తి మాట ఎత్తేది. ఈ సంగతి తనకూ పోలమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే ఎప్పటికీ తెలియదు. గుడ్డలో చుట్టిన సుత్తి వంక చూశాడు. ఇప్పుడు కూడా చుట్టి దాచెయ్యడం ఎంత సులువో ఆయనకు తెలిసింది.

"త్రివేణీ, నాకు శుక్రవారమే తెలుసు" అన్నాడు. "రంగు రానేదని శుక్రవారమే సూసినాను. పోలమ్మ ఫోను సెయ్యమంది. పరువు పోద్దనీసి సెయ్యనేదు."

ఆటోలోంచి దిగొచ్చిన జాకీ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"చెయ్యొచ్చు కదా మావయ్యా" అంది త్రివేణి.

"సెయ్యొచ్చు."

త్రివేణి సుత్తి తీసి సంచీలో వేసుకుంది. తమ్ముణ్ణి సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తానంది. వాడు అక్కర్లేదంటే చెయ్యి ఎత్తింది, వాడు నోరు మూశాడు. తరవాత ముసలయ్య వైపు చూడకుండానే అడిగింది. "కొలిమి వెలిగించుకోవచ్చా? మీరు బయట ఉందురు గాని. అసలు ఆ రంగు ఎలా ఉంటుందో నేను ఒక్కసారైనా చూడాలి."

మళ్ళీ షెడ్డుకు వచ్చేసరికి జ్ఞానరత్నం అక్కడే కూర్చుని ఉన్నాడు. జరిగింది జాకీ చెప్పాడు. జ్ఞానరత్నం ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. తరవాత లేచి తనే బొగ్గు రాజేశాడు. పెచ్చు ఊడినదాన్ని పక్కన పడేసి, త్రివేణి తను తెచ్చిన కొత్త సుత్తి తలను పటకారుతో పట్టుకుని సన్నటి సెగ మీద పెట్టింది. ముసలయ్య పొగ తగలకుండా గుమ్మం బయట నిలబడ్డాడు.

కాసేపయ్యాక త్రివేణి తలెత్తింది. అలవాటు చొప్పున సుత్తిని కాక ముసలయ్య ముఖాన్ని చూసింది. ఆయన కనుబొమ్మలు కదులుతాయేమో, "తియ్యి" అంటాడేమోనని ఏడాది పాటు అలాగే చూసింది పాపం. పిల్ల రంగు నేర్చుకున్నది తన ముఖం చూసి అని ముసలయ్యకు అప్పుడు అర్థమైంది.

ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏటి కనబడతంది?" అని గోడనే అడిగాడు.

"తెలుపు."

కొలిమికి గాలి కొట్టే బ్లోయరు చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

"ఇంకా తెలుపే మావయ్యా." ఆ గొంతులో భయం ఉంది. ఎవరూ సాయం రారని తెలిసిన భయం. తిరిగి చూడాలని ముసలయ్యకు ప్రాణం కొట్టుకుంది. బాగయిన కన్ను ఉంది, ఒక్క చూపు చాలు. చేత్తో గోడ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

చాలాసేపటికి పటకారు చప్పుడైంది.

"వచ్చింది" అంది త్రివేణి. ఆయన కోసం ఆగలేదు. సుత్తిని సెగలోంచి తనే తీసేసింది.